చమురు ఎటు పోతుందో చెప్పడం సగం పనే

“సముద్రంలో చమురు ఒలికితే అది ఏ తీరానికి చేరుతుందో కంప్యూటరు ముందే చెప్పగలదా?” అని అడిగారు. చెప్పగలదు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ గాలినీ ప్రవాహాన్నీ లెక్కగట్టి చమురు తెట్టు జాడను ముందుగా చెబుతూనే ఉంది. అయితే ఒడ్డుకు చేరిన తెట్టును ఇసుక ఏం చేస్తుందన్నదే అసలు ప్రశ్న. గుంటూరులో చదువుకునే రోజుల్లో నలభై బత్తాయిలు నాకా సంగతి నేర్పాయి.

ప్రాజెక్టు కోసం మార్చిలో ఒక మధ్యాహ్నం సూర్యలంకలో పడవ మాట్లాడుకుని, అలలు విరిగే చోటు దాటాక ఒక బస్తా ఊకనూ ఆ బత్తాయిలనూ ఒకేచోట వదిలాము. దాదాపు మునిగి తేలే బత్తాయిలు ప్రవాహంతో పాటు ఒడ్డు వెంబడి ఈశాన్యంగా సాగగా, ఊక మాత్రం చారలు చారలుగా విడిపోయి గాలికి ఒడ్డువైపు జరిగింది. చమురు ఈ రెంటికీ లొంగుతుంది: ప్రవాహం మోసుకుపోవడం కాక, గాలి తన వేగంలో సుమారు 3 శాతం మేర తోస్తుంది. సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే ఆ తోపే గంటకు కిలోమీటరు పైమాట.

మర్నాడు పొద్దున వెతికితే నాలుగు బత్తాయిలే దొరికాయి. నాలుగోది కంటికి కనబడలేదు, కాలికి తగిలింది. తవ్వి చూస్తే దాని మీద బెత్తెడు ఇసుక ఉంది. ఒక్క రాత్రి పోటు చేసిన పని అది. చమురూ ఇలాగే పూడిపోయి, పైకి తీరం శుభ్రంగా కనబడి, తుఫానుకు ఇసుక కోసుకుపోయిన నాడు నల్లపొరగా మళ్లీ బయటపడుతుంది. కనుక ఇసుక మేట వేసే చోట ముందుగా చమురు తీయించాలి. నిజాంపట్నం వైపు మడ అడవుల్లోనైతే సన్నని ఒండ్రు చమురు బొట్లను అంటుకుని అడుగుకు దింపుతుంది, తీయడానికి దిగినవారి కాళ్లు మిగిలినదాన్ని బురదలోకి తొక్కుతాయి. అక్కడ పాయల నోళ్లలో తేలే అడ్డుకట్టలు ముందే వేయడం తప్ప మార్గం లేదు.

2017 జనవరి 28న చెన్నై పక్కన ఎన్నూరు దగ్గర రెండు నౌకలు ఢీకొన్నప్పుడు, చిక్కబడిన చమురును మనుషులు బకెట్లతో తోడవలసి వచ్చింది. అంత చాకిరీ చేసేవారికి ఏ ఒడ్డున మొదలుపెట్టాలో చెప్పాలంటే ఇసుక ఎక్కడ మేట వేస్తుందో తెలియాలి, దానికి తీరం దగ్గరి లోతులు తెలియాలి. మాకు దొరికిన లోతుల పటం మాత్రం ఎన్నో తుఫానులకు ముందు నాటిది!

ఆ బెత్తెడు ఇసుక సంగతి నివేదికలో ఒక పేజీ రాస్తే, మా మాస్టారు “విషయాంతరం” అని ఎర్ర సిరాతో కొట్టివేసి, రంగురంగుల ప్రవాహ పటాలకు మార్కులు వేశారు.