‘పీజీతో సమానం’ అన్నారు, ఇప్పుడు చెల్లదంటున్నారు

ప్రశ్న: బీకాం అయ్యాక విశాఖ ద్వారకానగర్‌లో ఒక ప్రైవేటు సంస్థలో ఏడాది లాజిస్టిక్స్ ‘పీజీ సర్టిఫికెట్’ కోర్సు చేశాను. ఫీజు 85 వేలు. పీజీతో సమానమని కరపత్రంలోనే వేశారు. మొన్న ఒక ఉద్యోగానికి వెళితే అది పీజీ కిందకు రాదన్నారు. నా డిగ్రీ ఒరిజినల్స్ కూడా సంస్థ దగ్గరే ఉన్నాయి. కేసు వేయొచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వేయొచ్చు. అయితే దేనిమీద వేస్తున్నామో ముందు తేల్చుకోవాలి. యూజీసీ చట్టం, 1956లోని 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే హక్కు చట్టం ద్వారా ఏర్పడ్డ యూనివర్సిటీలకు, డీమ్డ్ యూనివర్సిటీలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. ఆ కట్టడి డిగ్రీలకే. ఏడాది నేర్పించి ‘మా దగ్గర శిక్షణ పొందారు’ అని కాగితం ఇస్తే ఆ సెక్షన్ అడ్డురాదు. ఆ మాటకొస్తే ఆంధ్రా యూనివర్సిటీ ఇచ్చినా సర్టిఫికెట్ సర్టిఫికెట్టే, పీజీ అయిపోదు. కాబట్టి సర్టిఫికెట్ దొంగదని వాదించకండి. ‘పీజీతో సమానం’ అని నమ్మించి డబ్బు తీసుకున్నారన్నదే మీ కేసు. కరపత్రం, ఫీజు రసీదులు, వాట్సాప్ మెసేజీలు జాగ్రత్త చేయండి. ఫోన్ మార్చొద్దు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద విశాఖలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫిర్యాదు రుసుము లేదు. గడువు రెండేళ్లు. అది ఏ రోజు నుంచి మొదలన్నదానిపైనే సంస్థవాళ్లు పేచీ పెడతారు, ఆలస్యం వద్దు.

‘చదువు సేవ కాదు, మాపై ఈ ఫిర్యాదు చెల్లదు’ అని వాళ్ల లాయరు తప్పక అంటారు. మహర్షి దయానంద్ యూనివర్సిటీ కేసులో 2010లో సుప్రీంకోర్టు అలా చెప్పిన మాట నిజమే. కానీ లేని గుర్తింపు ఉన్నట్టు ప్రకటించి విద్యార్థులను చేర్చుకున్న బుద్ధిస్ట్ మిషన్ డెంటల్ కాలేజీ పరిహారం కట్టాల్సిందేనని 2009లో అదే కోర్టు తీర్పిచ్చింది. కోచింగ్ సంస్థలను స్కూళ్లు, కాలేజీలతో సమానంగా చూడలేమని 2020లో జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా అంది. మీ సంస్థకు ఏ యూనివర్సిటీ అనుబంధమూ లేకపోతే ఈ రెండూ మీకు బలమే.

ఒరిజినల్స్ ఇవ్వమని ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. తన పరిధిలోని కాలేజీలనే వాటిని పట్టుకోవద్దని యూజీసీ 2018లో చెప్పింది. వీళ్లకెక్కడి హక్కు?

మోసం కింద పోలీసు ఫిర్యాదుకూ (భారతీయ న్యాయ సంహిత, బీఎన్‌ఎస్, 318వ సెక్షన్) దారి ఉంది. కానీ చేర్చుకునేనాటికే మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి, అది కష్టం. డబ్బు వెనక్కి రావాలంటే నా ఓటు కమిషన్‌కే.

ఈలోగా ఏ దరఖాస్తులోనూ దీన్ని పీజీ అని రాయకండి. తప్పుడు సమాచారం ఇచ్చారన్న మాట మీ మీదకు వస్తుంది. ‘సర్టిఫికెట్ కోర్సు, ఏడాది’ అని రాస్తే చాలు.