గెటిస్‌బర్గ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ యుద్ధం మీద నువ్వు పంపిన వ్యాసం చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. మొదటి రెండు పేజీల్లో సైన్యాల పట్టిక పెట్టావు. ఏ కోర్‌లో (సైన్యంలో అన్నిటికన్నా పెద్ద భాగం) ఏ డివిజన్, దాని కింద ఏ బ్రిగేడ్, ఎవరు కమాండర్ అని. యుద్ధం మూడో పేజీలో మొదలైంది. కష్టపడ్డావని తెలుస్తోంది, పెద్ద తప్పులూ లేవు. కానీ ఆ రెండు పేజీలు చదివినవాళ్లు కూడా తుపాకులు పేలేసరికి అవన్నీ మర్చిపోతారు. ఆ పట్టిక తీసేయ్. అందులో ఉన్నదంతా యుద్ధంలోకి పంపించు, ఎందుకంటే 1863 జులై 1 నుంచి 3 దాకా అక్కడ జరిగినదాంట్లో చాలా భాగం, ఎవరి కింద ఎవరున్నారు అనే దగ్గరే మొదలైంది.

దక్షిణాది సేనాని లీ సైన్యమే చూడు. మే నెల దాకా దానికి రెండే కోర్‌లు. మే 10న వాటిలో ఒకదాని కమాండర్ జాక్సన్ చనిపోయాక లీ వాటిని మూడు చేశాడు. ఆ మూడింటి కమాండర్లలో లాంగ్‌స్ట్రీట్ పాతవాడే, యూవెల్, ఎ.పి. హిల్ మాత్రం ఆ హోదాకి కొత్త. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు. జులై 1 సాయంత్రం ఉత్తరాది సైనికులు ఊరు వదిలి సెమెటరీ హిల్ మీదికి వెనక్కి తగ్గినప్పుడు, ఆ కొండని 'వీలైతే' పట్టుకోమని లీ యూవెల్‌కి కబురు పెట్టాడు. లీ ఆజ్ఞలు అలాగే ఉండేవి, నిర్ణయం కిందివాడికి వదిలేసేవాడు. జాక్సన్ చేతికింద పనిచేసి వచ్చిన యూవెల్ వీలుకాదనుకుని ఆగిపోయాడు. ఆ మూడు కోర్‌ల ఏర్పాటుకి అప్పటికి నెల రోజులే అని నువ్వు చెప్పాల్సింది ఇక్కడ. ఇక్కడైతే పాఠకుడికి గుండెలో గుచ్చుకుంటుంది.

ఇంకోటి, కోర్ అంటే రెండు వైపులా ఒకటే అన్నట్టు రాశావు. లీకి డెబ్భై వేలకు పైగా మనుషులు, కాలిబలం మూడు కోర్‌లు. ఉత్తరాది సేనాని మీడ్‌కి తొంభై వేలకు పైగా, ఏడు కోర్‌లు. అంటే లీ కోర్ ఒకటి మీడ్ కోర్‌లు రెండింటికి దగ్గరగా వస్తుంది. ఉత్తరాది మూడో కోర్ మీద లాంగ్‌స్ట్రీట్ కోర్ పడింది అని ఊరికే రాస్తే, చదివేవాళ్లు సమఉజ్జీలనుకుంటారు. మీడ్ ఆ సైన్యం పగ్గాలు పట్టింది జూన్ 28న అని కూడా మర్చిపోకు, యుద్ధానికి మూడు రోజుల ముందు.

పేర్ల విషయంలో జాగ్రత్త. ఉత్తరాది డివిజన్లకి నంబర్లు, దక్షిణాది డివిజన్లకి సేనానుల పేర్లు. మనిషి గాయపడి పక్కకెళ్లినా పేరు మారదు. జులై 3న హెత్ డివిజన్‌ని నడిపింది పెట్టిగ్రూ, హెత్ మొదటి రోజే గాయపడ్డాడు. 'పికెట్ దాడి' అని అందరం అంటాం గానీ ఆ రోజు పొలం దాటిన సుమారు 12,500 మందిలో పికెట్ మనుషులు సగం కన్నా తక్కువే.

బ్రిగేడ్ కింద ఉండే రెజిమెంట్ అనగానే వెయ్యిమంది అని రాశావు, అది కాగితం మీద లెక్క. పది కంపెనీలు, కంపెనీకి వందమంది. రెండేళ్ల యుద్ధం తర్వాత మూడు నాలుగు వందలు మిగిలితే గొప్ప. జులై 2న ఉత్తరాది సేనాని హాన్‌కాక్ ఎదురుదాడికి పంపిన ఒకటో మిన్నెసోటా రెజిమెంట్ వాళ్లు 262 మంది. పైగా చాలా కంపెనీలు ఒకే ఊరి వాళ్లు, అన్నదమ్ములు, ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. ఒక కంపెనీ తుడిచిపెట్టుకుపోతే ఒక ఊళ్లో ఇంటింటా ఏడుపే. ఈ మాట నీ వ్యాసంలో ఎక్కడా లేదు, నాకు అన్నిటికన్నా బాధనిపించింది అదే.

నేనైతే రాసే ముందు ప్రతి మనిషి గురించీ మూడు విషయాలు కాగితం మీద పెట్టుకుంటాను: ఇతనికి ఆజ్ఞ ఇచ్చేదెవరు, ఇతని మాట వినేదెవరు, ఆ మాట చేరడానికి ఎంతసేపు పడుతుంది. ఆ మూడోది నిన్ను కథలోకి లాక్కెళ్తుంది. జులై 2న లిటిల్ రౌండ్ టాప్ అనే కొండ దగ్గర జరిగిన భాగం ఇలా ఆలోచించు. కొండ ఖాళీగా ఉందని చూసిన మీడ్ ప్రధాన ఇంజనీర్ వారెన్, ఐదో కోర్ కమాండర్ సైక్స్‌ని మనుషుల్ని అడిగాడు. సైక్స్ పంపిన అధికారి డివిజన్ కమాండర్ బార్న్స్ కోసం వెతుక్కుంటూ వస్తున్నాడు. దారిలో అతన్ని ఆపి, ఆజ్ఞ ఏంటని అడిగింది ఒక బ్రిగేడ్ కమాండర్, స్ట్రాంగ్ విన్సెంట్, 26 ఏళ్లవాడు. విన్నాడు, బార్న్స్ కోసం చూడలేదు, బాధ్యత తనదేనని చెప్పి తన నాలుగు రెజిమెంట్లనీ కొండమీదికి నడిపించాడు. చిట్టచివరి ఎడమ కొసన 20వ మేన్ రెజిమెంట్‌ని నిలబెట్టాడు, దాని కమాండర్ చాంబర్లిన్, కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చినవాడు. అదే సమయంలో అటువైపు దక్షిణాది డివిజన్ కమాండర్ హుడ్ దాడి మొదట్లోనే గాయపడ్డాడు, డివిజన్ అతని కింది బ్రిగేడ్ కమాండర్ 'లా' చేతికి వచ్చింది, బ్రిగేడ్లు తలోవైపుకీ జరిగిపోయాయి. విన్సెంట్ ఆ సాయంత్రమే తూటా తగిలి పడిపోయాడు, జులై 7న చనిపోయాడు.

నీ ప్రతిలో విన్సెంట్ పేరు పట్టికలో ఒక గడిలో ఉంది, అంతే. ముందు ఈ ఒక్క భాగం తిరగరాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.