పిల్లలకు సిగరెట్ గురించి చెప్పబోతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

తొమ్మిది, పది తరగతుల పిల్లలతో సిగరెట్ల గురించి మాట్లాడే పని నువ్వే అడిగి తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంతో కళ్లు చెమర్చాయి. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మంచి మనసుతోనే పెద్దవాళ్లు ఈ విషయాన్ని ఎంత చెడగొట్టగలరో నేను బడిలో చూశాను, మన ఇంట్లోనూ చూశాను. అందుకే ఈ ఉత్తరం.

గంటసేపు నువ్వే మాట్లాడకు. ఈ-సిగరెట్ల సంగతి మర్చిపోకు, ఉత్త ఆవిరే అనుకుంటారు పిల్లలు, చాలావాటిలో నికోటిన్, అంటే సిగరెట్‌కి బానిసని చేసే పదార్థం, ఉంటుంది. తెలియనిది అడిగితే కనుక్కుని చెప్తానను. నీ మాటల్లో ఒక్క అబద్ధం దొరికిందా, నిజాలు కూడా నమ్మరు.

నల్లబడ్డ ఊపిరితిత్తుల ఫొటోలు పోగుచేస్తున్నావట. పొగాకు ఏటా ప్రపంచంలో 70 లక్షలమందికి పైగా ప్రాణాలు తీస్తోంది, కాబట్టి ఆ ఫొటోలు అబద్ధం కావు. కానీ పద్నాలుగేళ్ల పిల్లాడికి అరవై ఏళ్ల రోగం ఎవరిదో పరాయివాళ్లది. ఫొటో చూసి మొహం తిప్పుకుంటాడు. సాయంత్రం సిగరెట్ తాగే స్నేహితుడు తనకంటే వేగంగా పరిగెత్తడం చూస్తాడు. ఇక నీ మాట చెల్లదు.

దగ్గరగా ఉన్న నష్టం చెప్పు. దమ్ము లాగిన 10, 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఆ మెదడు ఇంచుమించు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. రోజూ తాగే దాకా రాకముందే కొందరు పిల్లలు నికోటిన్‌కు లొంగిపోతారు. "టెన్షన్ తగ్గుతుంది మేడమ్" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కొట్టిపారేయకు, వాడికి నిజంగానే అలా అనిపిస్తుంది. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది, అలవాటైన ఒంటికి చిరాకు మొదలవుతుంది. ఇంకోటి తాగితే ఆ చిరాకు తగ్గుతుంది. పరీక్ష భయం మాత్రం ఎక్కడున్నది అక్కడే. ఈ ముక్క తీరిగ్గా, బోర్డు మీద గీసి చెప్పు. నా క్లాసుల్లో పిల్లలు నిజంగా చెవి ఒగ్గింది దీనికే.

తమ వయసువాళ్లలో ఎంతమంది తాగుతున్నారో పిల్లలు ఎప్పుడూ ఎక్కువగానే ఊహించుకుంటారు. పేర్లు రాయకుండా చీటీల మీద రాయించు: క్లాసులో ఎంతమంది తాగుతారనుకుంటున్నావు, నువ్వు తాగుతావా. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టు. "అందరూ తాగుతున్నారు" అన్న మాట అక్కడే తేలిపోతుంది.

కంపెనీల సంగతి కూడా చెప్పు. 1984లో ఒక పెద్ద సిగరెట్ కంపెనీ లోపలి పత్రంలో, మానేసేవాళ్ల, చనిపోయేవాళ్ల స్థానం భర్తీ చెయ్యడానికి కుర్రకారు తప్ప వేరే దిక్కు లేదని రాసుకున్నారు. 1998లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇలాంటి మోసాలనే బయటపెడుతూ పిల్లల చేతే ప్రచారం చేయించారు. రెండేళ్లలో అక్కడి మిడిల్ స్కూల్ (ఆరు నుంచి ఎనిమిది తరగతుల) పిల్లల్లో తాగేవాళ్లు 18 శాతం పైచిలుకు నుంచి 11 శాతానికి తగ్గారు. ఆ వయసులో చావంటే రాని కోపం, తమని ఎవరో వాడుకుంటున్నారంటే వస్తుంది.

ఇప్పుడు నన్ను పడుకోనివ్వని సంగతి. మీ చిన్న మామయ్య గురించి నీకెవరూ పూర్తిగా చెప్పి ఉండరు. వాడు పదో తరగతిలో ఉండగా చొక్కా జేబులో సిగరెట్ దొరికింది. మీ తాతయ్యకు వాడంటే ప్రాణం. ఆ భయంతోనే చుట్టాలందరి మధ్యా నిలబెట్టి, సిగరెట్ చేతికిచ్చి, "తాగరా, అందరం చూస్తాం" అన్నారు. కొట్టలేదు. కొట్టినా బాగుండేది. వాడు తలెత్తలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఎప్పుడూ సిగరెట్ వాసన రాలేదు. మానేశాడని తాతయ్య మనసు కుదుటపడింది. వాడు మానలేదమ్మా, మాతో మాట్లాడటం మానేశాడు. అప్పటిదాకా వాడి స్నేహితుల్లో తాగేది ఒక్కడే. ఇంట్లో మొహం చూపించలేక సాయంత్రాలన్నీ ఆ ఒక్కడితో, వాడి వెనకున్న గుంపుతో గడిపాడు. మానాలని చాలాసార్లు అనుకున్నాడట. ఎన్నో ఏళ్లకు నాతో అన్నాడు: "మానడానికి సాయం కావాలంటే ముందు తాగుతున్నానని చెప్పాలి కదక్కా. ఎవరికి చెప్పను?"

యాభై రాకుండానే మెట్లు ఎక్కలేకపోయాడు. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు పాడయ్యాయని, అవి తిరిగి రావని డాక్టరు చెప్పారు. నువ్వు చూసింది ఆక్సిజన్ గొట్టంతో మంచాన ఉన్న మామయ్యని. చెట్టెక్కితే ఎంత పిలిచినా దిగని పిల్లాడు వాడు.

తాగని పిల్లలు నలభై మంది ఉన్నా, మొదలుపెట్టేసిన ఆ ఇద్దరు ముగ్గురి గురించే నా బెంగ. "తాగేవాళ్లు చేతులెత్తండి" అని పొరపాటున కూడా అడగకు. ఎవరి మీదైనా అనుమానం వచ్చినా అందరిలో చూపు వాడి మీద నిలపకు. ఒక పిల్లాడు వచ్చి నిజం చెప్తే బడి ఏం చేస్తుంది? ఇంటికి కబురు వెళ్తుందా, సస్పెండ్ చేస్తారా? మొదటి క్లాసుకు ముందే హెడ్‌మాస్టర్ గారితో కూర్చుని తేల్చుకో. దాచలేనిది దాస్తానని మాటివ్వకు. ఎంతవరకు దాచగలవో పిల్లలకు ముందే చెప్పెయ్యి.

ఎవరైనా వస్తే ముందు కూర్చోబెట్టు, నీతులు చెప్పకు. ఎప్పుడు తాగాలనిపిస్తుందో, ఎవరితో ఉన్నప్పుడో అడుగు. ఆఖరి సిగరెట్ తర్వాత 20 నిమిషాలకే గుండె వేగం తగ్గడం మొదలవుతుందని చెప్పు. మొదటి కొన్ని రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయనీ చెప్పు, లేకపోతే తనకేదో అయిందని హడలిపోతాడు. మానేసి మళ్లీ తాగానని వస్తే మొహం మాడ్చుకోకు. చాలామంది ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించాకే బయటపడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సొస్తే వాడి ఇంట్లో మాట్లాడటానికి నువ్వూ పక్కన ఉండు.

ఇంత రాశానని కంగారుపడకు బంగారం. చిన్నప్పటి నుంచీ నీకు ఎదుటివాళ్లు చెప్పేది వినే ఓపిక ఉంది, ఈ పనికి కావలసింది అదే. వేళకు తిను, మీ అమ్మ బెంగపడుతోంది. చీటీల్లో ఏం వచ్చిందో, పిల్లలు ఏం అడిగారో నాకు రాయి. జవాబు తెలియనివి ఉంటే ఇద్దరం కలిసి వెతుకుదాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ