సౌండ్‌తోని లివర్‌ను నూకుడేంది సార్?

ప్రశ్న: మా బాపుకు లివర్ స్కాన్ రాసిన డాక్టర్, సౌండ్‌తోనే లివర్‌ను నూకి గట్టిగుందో మెత్తగుందో చూస్తమన్నడు. సౌండ్‌కు గంత బలముంటదా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఉంటది తమ్మీ, కాని శాన చిన్నగ. గణేష్ నిమజ్జనంల డీజే ముంగట నిలబడితే ఛాతి అదురుతది గదా, అది గాలి ఒత్తిడి ముందుకెనక్కి ఊగుడు, ఇది వేరే. అల్ట్రాసౌండ్ ఒంట్లకెళ్లి పోతుంటే కండ దాన్ని కొంత గుంజుకుంటది, అప్పుడు అల మోసుకొచ్చిన ఊపు కండకు ఎక్కి అది పోయే దిక్కుకే నూకుతది. దీన్నే అకౌస్టిక్ రేడియేషన్ ఫోర్స్ అంటరు. జరిగేది కొన్ని మైక్రాన్లే (మిల్లీమీటర్ల వెయ్యో వంతే ఒక మైక్రాన్), మీ బాపుకు తెల్వను కూడ తెల్వది.

అసలు మజా తర్వాత ఉంది. భద్రకాళి చెరువుల రాయేస్తే అలలు పక్కకు పోతయ్ సూడు, అట్లనే నూకిన కాడికెళ్లి షియర్ వేవ్స్ లేస్తయ్. అల్ట్రాసౌండ్ సెకనుకు సుమారు 1540 మీటర్లు ఉరికితే ఇవి మంచి లివర్‌ల 1 మీటరు, కొంచెం ఎక్కువ, అంటే మనం నడిచినంత స్పీడే, అందుకే మిషన్ వాటి ఎనకబడి పట్టుకుంటది. లివర్ గట్టిపడ్డకొద్దీ అల జోరుగ ఉరుకుతది, స్పీడు డబుల్ అయితే గట్టితనం నాలుగింతలన్నట్టు.

ఫైబ్రోస్కాన్ అని రాస్తే మాత్రం నూకేది సౌండ్ కాదు, ఒంటిమీద ఆనిచ్చే ప్రోబ్ మొనే పక్కటెముకల నడుమ టుక్కుమని కొడ్తది, లెక్క మాత్రం అదే. ఇంగ స్కాన్‌కు ముందు కనీసం 3 గంటలు ఏం తిననియ్యకు, తింటే లివర్‌కు రక్తం ఎక్కువొచ్చి రీడింగ్ పెరుగుతది.