కోడలి కాలు, మావగారి గుండె

భీమవరం దగ్గర ఒక పల్లె నుంచి ఒకావిడ రాశారు. వయసు 29, లెక్కల్లో డిగ్రీ, తర్వాత బీఈడీ, పెళ్ళయి రెండున్నరేళ్ళు. ఉత్తరం పెద్దది, అందులో ముఖ్యమైన భాగం ఇది:

"నాది మూలా నక్షత్రం. పెళ్ళికి ముందు సిద్ధాంతిగారు పాదం మంచిదే, దోషం లేదన్నారు. పెళ్ళయిన నాలుగు నెలలకి మావగారు గుండెపోటుతో పోయారు. ఆయనకి అంతకుముందే స్టెంట్ వేశారు, షుగరు కూడా ఉండేది. తర్వాత మా రొయ్యల చెరువు వరసగా రెండు పంటలు తెల్ల మచ్చ జబ్బుతో పోయింది. ఇప్పుడు అదే సిద్ధాంతిగారు దోషం ఉంది, శాంతి చేయాలి, 45 వేలు అవుతుంది అంటున్నారు. మా అత్తగారు మొహం మీద అనరు కానీ పక్కింటావిడతో 'దీని కాలు మంచిది కాదు' అనడం విన్నాను. ఎవరూ చెప్పకుండానే, పొద్దున్న ఆయన చెరువుకి వెళ్ళేటప్పుడు నేను ఎదురు రాకూడదని తలుపు చాటున నిలబడుతున్నాను. మొన్న ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే ఎవరో తుమ్మారు, మానేశాను. వచ్చే నెల మా ఆడపడుచు పెళ్ళి. మావగారు లేరు కాబట్టి కన్యాదానం మేమిద్దరం చేయాలి. పెద్దత్తయ్య మాత్రం బాబాయిగారి దంపతులతో చేయిద్దాం అంటోంది. నాది నిజంగా పాడు జాతకమేనా? పెళ్ళి అయ్యేదాకా పుట్టింటికి వెళ్ళిపోనా?"

జవాబు:

కాదు, వెళ్ళొద్దు. ఆ రెండు మాటలూ ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే మిగతాదంతా చదివేలోపు కూడా మీరు ఆ టెన్షన్ మోయనక్కర్లేదు.

మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కలోనే మాట్లాడుకుందాం. నక్షత్రాలు 27. దేశంలో 140 కోట్లకు పైగా ఉన్నాం. సమానంగా పంచి చూస్తే ఒక్క మూలా నక్షత్రానికే దాదాపు 5 కోట్లమంది వస్తారు, అందులో ఆడవాళ్ళు సుమారు రెండున్నర కోట్లు. మూలా నక్షత్రం కోడలు మావగారికి గండం అనే మాట నిజమైతే ఈ దేశంలో ఎన్ని లక్షల ఇళ్ళలో పెళ్ళయిన ఏడాదికే మావగార్లు పోతుండాలో మీరే గుణించి చూడండి. సరే, మూలని వదిలేద్దాం. ఆశ్లేష అయితే అత్తగారికి, జ్యేష్ఠ అయితే బావగారికి, విశాఖ అయితే మరిదికి గండం అంటారు. పెళ్ళికూతురి నక్షత్రం వల్ల పెళ్ళికొడుకు ఇంట్లో ఎవరో ఒకరికి ముప్పు తప్పదన్నట్టు ఉంది ఈ జాబితా. కోడలి నక్షత్రం చూసి భయపడే శాస్త్రం అల్లుడి నక్షత్రం చూసి అత్తమామలు భయపడాలని మాత్రం అంత గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు, గమనించారా?

శని సంగతీ ఇంతే. శని ఒక చుట్టు తిరగడానికి సుమారు 29న్నర ఏళ్ళు పడుతుంది, అంటే ఒక్కో రాశిలో దాదాపు రెండున్నరేళ్ళు. ఏలినాటి శని అంటే మూడు రాశులు, ఏడున్నరేళ్ళు. కాబట్టి ఏ రోజు చూసినా పన్నెండు రాశుల్లో మూడు రాశులవాళ్ళకి ఏలినాటి శని నడుస్తూనే ఉంటుంది. దానికి అర్ధాష్టమ శని (జన్మరాశి నుంచి నాలుగో రాశిలో శని), అష్టమ శని (ఎనిమిదో రాశిలో శని) కలిపితే అయిదు రాశులు. పన్నెండింట అయిదు! ఏ ఇంట్లో నలుగురున్నా వాళ్ళలో ఎవరికో ఒకరికి శని బాగోలేదని చెబితే తప్పే అవకాశం చాలా తక్కువ. మీ ఇంట్లో కష్టం వచ్చాక జాతకాలు తీసి చూశారు కాబట్టి కారణం దొరికింది. ఏ కష్టమూ రాని ఎదురింటివాళ్ళ జాతకాలు తీసినా అదే దొరికేది, కానీ ఎవరూ తీయరు.

పెళ్ళికి ముందు పర్వాలేదన్న మనిషే ఇప్పుడు దోషం అంటున్నాడని మీరే రాశారు. నక్షత్రం మారలేదు, పాదం మారలేదు. మారింది మీ ఇంట్లో భయం ఒక్కటే, 45 వేలు దాని ధర. ఇంకా చెరువు అప్పులు తీర్చాల్సినవాళ్ళు, ఆ డబ్బు అప్పు తెచ్చి ఇవ్వొద్దు. అత్తగారి తృప్తి కోసం ఏదైనా చేయాలనిపిస్తే ఊళ్ళో గుడికి కలిసి వెళ్ళి అర్చన చేయించుకోండి, దానికి నేను అడ్డం చెప్పను. మీ దేవుడి మీద నాకు పేచీ లేదు, నా పేచీ ఆ ధర మీద.

మావగారిది గుండె జబ్బు. స్టెంట్ వేశాక కూడా మందులు, షుగరు అదుపు, బీపీ, పొగ మానడం, అన్నీ ఏళ్ళ తరబడి చూసుకోవాల్సిన జబ్బు, అన్నీ చూసుకున్నా ఒక్కోసారి ప్రాణం మీదకి వస్తుంది. ఆ జబ్బు మీకు పెళ్ళి చూపులు జరగడానికి చాలా ముందే ఆ ఇంట్లో ఉంది. ఇక తెల్ల మచ్చ వైరస్. అది 1990ల మధ్యలో మన కోస్తాలో టైగర్ రొయ్య చెరువుల్ని ఊడ్చేసింది, అప్పటికి మీరింకా పుట్టలేదు లేదా ఉయ్యాల్లో ఉన్నారు. చెరువులోకి దిగితే వారం పది రోజుల్లో మొత్తం ఖాళీ చేయగలదు. అది జబ్బున్న సీడ్‌తో, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లలతో వస్తుంది, పీతలతో వస్తుంది, పక్క చెరువులోంచి వదిలిన నీళ్ళతో వస్తుంది. మీ ఆయనతో కూర్చుని అడగాల్సిన ప్రశ్నలు అవి: సీడ్ వేసేముందు వాటిలో వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ టెస్టు చేయించారా, గట్టు చుట్టూ పీతలు రాకుండా నెట్ కట్టారా, కాకులూ కొంగలూ వాలకుండా పైన తీగలు లాగారా, మొదటి పంట పోయాక చెరువుని సరిగ్గా ఎండబెట్టారా లేక లీజు డబ్బు దండగవుతుందని వెంటనే మళ్ళీ సీడ్ వదిలేశారా? రెండో పంట ఎందుకు పోయిందో ఈ ప్రశ్నల్లో దొరకొచ్చు. మీ కాలు మీద నెపం వేసేశాక ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళే ఉండరు, మూడో పంట కూడా అలాగే పోతుంది. మీ అత్తగారికి ఎవరైనా చెప్పాల్సిన మాట ఇదే.

అలాగని ఆవిడ దుర్మార్గురాలని నేను అనుకోవడం లేదు. మలినోవ్‌స్కీ అని ఒక మానవశాస్త్రవేత్త 1910ల్లో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి అక్కడి జాలర్లని గమనించాడు. తీరం లోపలి మడుగులో, ప్రమాదం లేకుండా చేపలు దొరికేచోట, వాళ్ళు ఏ మంత్రమూ చదవరు. నడి సముద్రంలోకి వెళ్ళేటప్పుడు మాత్రం పెద్ద తంతు జరుగుతుంది. తమ చేతిలో లేనిది ఎక్కువయ్యేకొద్దీ మనుషులకి శకునాల అవసరం పెరుగుతుంది. వనామీ రొయ్యల సాగు మీకు నడి సముద్రం లాంటిదే కదా! మూడు నాలుగు నెలలు మేత, కరెంటు, ఏరేటర్లు, అప్పు, ఆ పైన పట్టుబడి రోజున కౌంటుకి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకి) ఏం రేటు వస్తుందో ఎవరికీ తెలీదు. అందులో మొగుడు హఠాత్తుగా పోయిన మనిషి ఆవిడ. ఎందుకు జరిగింది అన్న ప్రశ్నకి "గుండె జబ్బు" అన్న జవాబు ఆవిడకి సరిపోవడం లేదు, "ఆ రాత్రి ఛాతీ నొప్పి అన్నప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళి ఉంటే" అన్న ఆలోచన కూడా లోపల తినేస్తూ ఉండొచ్చు, దాన్ని భరించడం కన్నా కొత్తగా వచ్చిన కోడలి మీదకి తోయడం తేలిక. ఇది ఆవిడ తప్పుని ఒప్పు చేయదు. కానీ ఆవిడతో ఎలా మాట్లాడాలో తెలియాలంటే ఇది తెలియాలి.

ఇప్పుడు మీ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది అత్తగారి మాట కాదు. తలుపు చాటు. అది మిమ్మల్ని ఎవరూ చేయమనలేదు. ఆ మాట మీ చెవిన పడి, లోపలికి దిగి, ఇప్పుడు మీరే మీకు కాపలా కాస్తున్నారు. తుమ్ము వినపడి ఇంటర్వ్యూ మానేశారు, ఉద్యోగం రాలేదు, చూశారా నాకేదీ కలిసిరాదు అనుకుని ఉంటారు. కలిసిరాకపోవడం ఏముంది, మీరు వెళ్ళలేదు! దురదృష్టం చాలాసార్లు ఇలాగే తయారవుతుంది, శకునం చూసి పని మానేస్తాం, మానేసినందువల్ల వచ్చిన నష్టాన్ని మళ్ళీ శకునం ఖాతాలోనే రాస్తాం.

బ్రిటన్‌లో రిచర్డ్ వైజ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తాము అదృష్టవంతులం అనుకునేవాళ్ళకీ దురదృష్టవంతులం అనుకునేవాళ్ళకీ ఒక పేపరు ఇచ్చి అందులో ఎన్ని ఫొటోలు ఉన్నాయో లెక్కపెట్టమన్నాడు. రెండో పేజీలోనే పెద్ద అక్షరాలతో "లెక్కపెట్టడం ఆపండి, ఇందులో 43 ఫొటోలు ఉన్నాయి" అని వేయించాడు. అదృష్టవంతులం అనుకునేవాళ్ళు దాన్ని చూసి ఆగిపోయారు. రెండోరకం వాళ్ళలో చాలామంది చూడనే లేదు, ఫొటోలు లెక్కపెడుతూ పోయారు. ఒక్క ప్రయోగంతో లోకం అంతా తేలిపోదు, అది నాకూ తెలుసు. కానీ భయంలో ఉన్న మనిషి చూపు కుంచించుకుపోతుందన్నది నా దగ్గరికి వచ్చేవాళ్ళలో రోజూ చూస్తున్న సంగతే. మీ ఉత్తరం చివర్లో, బీఈడీలో మీతో చదువుకున్న స్నేహితురాలు వాళ్ళ స్కూల్లో ఖాళీ ఉందని వాట్సాప్‌లో పెట్టిందని, ఇంకా జవాబు ఇవ్వలేదని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మీ ఉత్తరం మొత్తంలో మంచి వార్త అదొక్కటే, దాన్ని మీరు ఆఖరి వరసలో పడేశారు.

కాబట్టి రేపటి నుంచి ఒక పని. మీ ఆయన చెరువుకి బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వెళ్ళి ఎదురుగా నిలబడండి, టిఫిన్ డబ్బా చేతికివ్వండి. మొదటి రోజు గుండె దడదడలాడుతుంది, ఆడనివ్వండి. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఆ రోజు చెరువులో ఏం జరిగిందో రాయండి, మంచీ చెడూ రెండూ. చెడు జరిగిన రోజులు మనకి వాటంతటవే గుర్తుంటాయి, ఏమీ జరగని రోజులు గుర్తుండవు, పుస్తకంలో మాత్రం రెండూ ఉంటాయి. నెల తిరిగాక మీరే లెక్క చూసుకోండి, నా మాట నమ్మక్కర్లేదు.

మీ ఆయన గురించి మీరు చాలా తక్కువ రాశారు. "ఆయన మంచివారే, ఏమీ అనరు" అన్నారు. ఏమీ అనకపోవడమే ఇక్కడ సమస్య, నాకు కోపం వచ్చింది కూడా అక్కడే. తండ్రి ఏ జబ్బుతో పోయాడో, చెరువు ఏ వైరస్‌తో పోయిందో ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆయన. అమ్మ దగ్గర కూర్చుని "నాన్న గుండె జబ్బుతో పోయారమ్మా, మొన్నటి పంటకి సీడు టెస్టు చేయించనిది నేను, ఆ అమ్మాయిని అనొద్దు" అని ఆయన నోటితో ఒక్కసారి చెబితే, మీరు వందసార్లు ఏడ్చినా రాని ఫలితం వస్తుంది. టెస్టు నిజంగా చేయించి ఉంటే ఆ ముక్క తీసేసి మిగతాది చెప్పమనండి. మీకు అడగడం కష్టంగా ఉంటే ఈ జవాబు ఆయనకి చూపించండి.

పెళ్ళి సంగతి. ఎదుటివాళ్ళు పొమ్మనకముందే మీరు పుట్టింటికి వెళ్ళిపోతే, పీటల మీద బాబాయిగారి దంపతులు కూర్చుంటారు, ఊరంతా దానికి కారణం చెప్పుకుంటుంది, ఆ కారణం ఇక జీవితాంతం మీ పేరు పక్కన ఉండిపోతుంది. ఉండండి. ఒకవేళ పెద్దల మాట గెలిచి బాబాయిగారితోనే చేయించినా సరే, మీరు పందిట్లోనే ఉండి వచ్చినవాళ్ళని పలకరిస్తూ తిరగండి. ముందు ఆడపడుచుతో మాట్లాడండి. పెళ్ళి ఆ అమ్మాయిది, "నన్ను కన్యాదానం చేసేది అన్నయ్యా వదినే" అని పెళ్ళికూతురు గట్టిగా అంటే పెద్దత్తయ్య కూడా వెనక్కి తగ్గుతుంది.

ఇంకొకటి ఉంది, మీ ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడుతున్నట్టు లేదు. మీ అత్తగారు భర్త పోయిన మనిషి. సొంత కూతురి పెళ్ళిలో ఆవిడని కూడా వెనక వరసలోకి నెట్టేస్తారు, మంగళసూత్రం తాకనివ్వరు, కొన్ని ఇళ్ళలో ఆ వేళకి గదిలో కూర్చోబెడతారు. మిమ్మల్ని పక్కకి తప్పుకోమంటున్న నమ్మకమే ఆవిడనీ తప్పుకోమంటోంది. వంటింట్లో ఇద్దరే ఉన్నప్పుడు అడగండి: "అత్తయ్యా, పెళ్ళిలో మొదటి అక్షింతలు మీరే వేయాలి, మీరు వెనక కూర్చుంటే నేను ఒప్పుకోను." వాదించొద్దు, నక్షత్రాల ఊసు ఎత్తొద్దు, ఆ మాట ఒక్కటే అనండి. ఆవిడ వెంటనే కరిగిపోతారని నేను హామీ ఇవ్వను. "నీకెందుకు" అని కసురుకోవచ్చు కూడా. అయినా ఆ ఇంట్లో ఆ మాట ఆవిడతో అన్న మొదటి మనిషి మీరవుతారు, పక్కింటావిడతో మీ గురించి మాట్లాడేటప్పుడు అది ఆవిడకి గుర్తొస్తుంది.

నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని కూడా రాశారు. ఇది రెండు వారాలు దాటి సాగుతుంటే, లేదా నేను లేకపోతే వీళ్ళు బాగుంటారు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మాటలు చేతల్లోకి దిగినా, మిమ్మల్ని ఇంట్లోంచి పొమ్మన్నా, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది.

స్నేహితురాలికి ఈ రాత్రే జవాబు పెట్టండి. ఇంటర్వ్యూ ఏ వారం ఇచ్చినా, ఏ టైము ఇచ్చినా సరే అనండి. వర్జ్యం చూసుకుని చెబుతానని మాత్రం అనకండి, లెక్కల టీచరు కోసం స్కూళ్ళు అంతసేపు ఆగవు.