ముందు దించెయ్, తర్వాత వెతుకు

చి. సాయికి, పెదనాన్న ఆశీస్సులు.

డ్రోన్ సర్వే పనిలో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 120 మీటర్ల ఎత్తున తిప్పే పని కాబట్టి ఒక్క విషయం రాస్తున్నాను. అటుగా హెలికాప్టర్ వస్తే ఏం చేయాలో డ్రోన్ లేపకముందే తేల్చుకో. అప్పటికప్పుడు ఆలోచించే టైమ్ ఉండదు.

లెక్క చూడు. గంటకు 220 కిలోమీటర్ల వేగంతో వచ్చే హెలికాప్టర్ కిలోమీటరు దూరాన్ని 16 సెకన్లలో దాటేస్తుంది. నీ డ్రోన్ సెకనుకు 3 మీటర్లు దిగుతుందనుకో, ఆలోపు 50 మీటర్లు కూడా దిగదు. నువ్వు తేరుకునే సెకన్లు అందులోనే పోవాలి. అందుకే కనబడేదాకా ఆగొద్దు. చప్పుడు వినగానే కిందికి దించెయ్, ఎటునుంచి వస్తోందో తర్వాత వెతుక్కోవచ్చు.

డ్రోన్‌ను లేచిన చోటికే రప్పించే రిటర్న్ టు హోమ్ బటన్ మాత్రం నొక్కకు. కంగారులో అందరి వేలూ దానిమీదికే పోతుంది. చాలా డ్రోన్లు వెనక్కి వచ్చేముందు సెట్ చేసిన ఎత్తుకి పైకి లేస్తాయి! అంటే తప్పుకోవాల్సిన దానికే ఎదురెళ్లడం.

విమానం దగ్గరికొస్తే కంట్రోలరే హెచ్చరిస్తుంది కదా అంటావేమో. తానెక్కడున్నదీ చెప్పే ఏడీఎస్-బీ అనే రేడియో సిగ్నల్ పంపే విమానాలే అందులో కనిపిస్తాయి, పంపనివీ తిరుగుతుంటాయి. పైగా విమానం పంపే ఎత్తు ప్రామాణిక వాయుపీడనాన్ని బట్టి, అంటే సుమారుగా సముద్రమట్టం నుంచి, కట్టిన లెక్క, నీ డ్రోన్ చూపేది లేచిన చోటునుంచి ఎత్తు. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ నేలే సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. కాబట్టి విమానం ఎత్తు అంకె చూసి 'చాలా పైనుందిలే' అనుకోవద్దు. నీ యాప్ ఏ ఎత్తు చూపుతోందో మాన్యువల్‌లో చూసుకో.

2017 సెప్టెంబరులో న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్ దగ్గర ఫాంటమ్ 4 అనే డ్రోన్ ఒకటి అమెరికా ఆర్మీ బ్లాక్ హాక్ హెలికాప్టర్‌ను ఢీకొంది. నడిపినతను తెర చూసుకుంటూ డ్రోన్‌ను నాలుగు కిలోమీటర్ల దాకా పంపాడు. హెలికాప్టర్ క్షేమంగా దిగింది. గుద్దుకుందన్న సంగతి దర్యాప్తువాళ్లు ఫోన్ చేసేదాకా అతనికి తెలియనే తెలియదు.

కాబట్టి పక్కన ఒక మనిషిని పెట్టుకో, ఫోన్ చూడని మనిషిని. అతనికి ఇది నేర్పు: ఆకాశంలో పక్కకు జరుగుతూ కనిపించేది దాటిపోతుంది. ఉన్నచోటే ఉండి పెద్దదవుతోందంటే మీవైపే వస్తున్నట్టు.

ఎన్నికల రోజుల్లో స్కూల్ గ్రౌండ్‌లో హెలిప్యాడ్ ఏమైనా వేశారా అని ఊళ్లో పొద్దున్నే అడుగు. వేస్తే ఆ పూట పని ఆపెయ్. మీ మేనేజర్ తొందరపెడితే నా నంబరివ్వు, నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న