లేహ్‌లో మొదటి రెండు రోజులు

చిరంజీవి సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

జూన్‌లో లదాఖ్‌లోని లేహ్ వెళ్తున్నారని మీ అమ్మ చెప్పగానే ఎంత సంతోషమేసిందో. నువ్వు పంపిన ప్లాను చూశాక మాత్రం గుండె ఝల్లుమంది. పొద్దున విమానం దిగడం, మర్నాడే ఖర్దుంగ్ లా కనుమ, ఆ మర్నాడు పాంగాంగ్ సరస్సు! ఫోన్‌లో చెప్తే గాలికి పోతుందని రాస్తున్నాను. ఇది మార్చాల్సిందే తల్లీ.

మన కాకినాడ సముద్రం ఒడ్డున ఉంది. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి అక్కడ మన దగ్గరున్నదాంట్లో మూడింట రెండొంతులే కాబట్టి, ప్రతి ఊపిరికీ అందే ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది. దానికి ఒళ్లు అలవాటు పడడానికి రోజులు కావాలి. ఢిల్లీలో ఎక్కినవాళ్లని విమానం గంటన్నర లోపే అక్కడ దింపేస్తుంది.

మేం మొదటిసారి వెళ్లినప్పుడు టూరు వాళ్లు ఇచ్చిన ప్లాను అచ్చం నీ ప్లానులాంటిదే. మీ పెదనాన్న రోజూ ఐదు కిలోమీటర్లు నడిచే మనిషి, నాకేమవుతుందన్నారు. రెండో రోజే 5,359 మీటర్ల ఎత్తున్న ఆ ఖర్దుంగ్ లా దాకా తీసుకెళ్లారు. ఆ రాత్రి తలనొప్పి, వాంతులు, తెల్లారేసరికి తడి దగ్గు, కూర్చున్నా ఆయాసం. ఆస్పత్రిలో రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఒంట్లో బలం ఉన్నవాళ్లకి ఈ ఎత్తు జబ్బు రాదనుకోవద్దు. అల్లుడుకి నువ్వే గట్టిగా చెప్పు.

దిగిన రోజు గది దాటొద్దు. మంచినీళ్లు తాగండి, తేలిగ్గా తినండి, మెట్లెక్కినా నెమ్మదిగా ఎక్కండి. మద్యం, నిద్రమాత్రలు వద్దే వద్దు. కాస్త తలనొప్పి, ఆకలి లేకపోవడం, సరిగా నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి, కంగారు పడకండి. కానీ కదలకుండా కూర్చున్నా ఆయాసం వచ్చినా, నడక తూలినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, కిందికి దిగిపోవాలి. బాబు చిన్నవాడు, తన ఇబ్బంది చెప్పలేడు, వాణ్ణి కనిపెట్టి ఉండు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ఇక్కడే డాక్టర్నడుగు. సల్ఫా మందులు పడనివాళ్లుంటే ఆ సంగతి తప్పక చెప్పు.

రెండో రోజు ఊళ్లోనే ఉండండి. లేహ్‌ని పడుకోడానికొక మజిలీగా వాడుకుని సరస్సులకి పరిగెత్తేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. శతాబ్దాల పాటు మధ్య ఆసియాలోని యార్కండ్ నుంచి, కాశ్మీరు నుంచి, టిబెట్ నుంచి వచ్చిన బిడారులు సరుకు దించిన ఊరది. చాంగ్‌థాంగ్ పీఠభూమి మేకల పశ్మీనా ఉన్ని ఈ ఊరి మీదుగానే కాశ్మీరు మగ్గాలకి చేరేది. మెయిన్ బజారుకి నెమ్మదిగా నడిచి వెళ్లు. పేవ్‌మెంటు మీద లదాఖీ ఆడవాళ్లు కూరగాయలు, ఎండు ఆప్రికాట్లు పెట్టుకుని కూర్చుంటారు. ‘జులే’ అని పలకరించు. నమస్కారమన్నా, కృతజ్ఞతలన్నా అదే మాట. జామా మసీదు వెనక సందుల్లో తందూరీల దగ్గర రొట్టె వేడివేడిగా దొరుకుతుంది, కొనుక్కో. అక్కణ్ణించి తలెత్తితే కొండ మీద తొమ్మిదంతస్తుల లేహ్ ప్యాలెస్. 17వ శతాబ్దంలో సెంగే నమ్‌గ్యాల్ రాజు కట్టించింది. రాయి, మట్టి ఇటుక, కర్ర, అంతే. కింద మసీదు, పైన బౌద్ధ రాజు కోట, ఒక్క చూపులో రెండూ కనిపించే ఆ చోట నేను ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. కోట మాత్రం మూడో రోజు ఎక్కండి, పది అడుగులకోసారి ఆగుతూ.

దార్లో మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన మణి గోడలు, స్తూపాలు వస్తాయి. మన గుళ్లో ప్రదక్షిణ చేసినట్టే వాటిని కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి. మూడో రోజు మధ్యాహ్నం కారులో సింధు నది పక్కనే షే, థిక్సే బౌద్ధ మఠాలు చూసి రండి. ఆ తర్వాతే ఖర్దుంగ్ లా. పైన పావుగంట చాలు, దాటి నుబ్రా లోయలో దిగి పడుకోండి, అది లేహ్ కన్నా కొంచెం పల్లం. పాంగాంగ్ ఒడ్డున రాత్రి ఉండడం బాబుతో నాకిష్టం లేదు.

సెలవు దొరికితే శ్రీనగర్ నుంచి రోడ్డు మీద వెళ్లండి, రాత్రి కార్గిల్‌లో ఆగొచ్చు. ఎత్తు మెల్లమెల్లగా పెరుగుతుంది.

అక్కడ నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. అన్నం కోసం చూడక థుక్పా (నూడుల్స్ సూప్) తాగండి, బాబుకీ నచ్చుతుంది. ఏడాదికి వంద మిల్లీమీటర్లు వాన పడితే గొప్ప ఆ ఊళ్లో, కరిగిన మంచే వాళ్ల నీరు. స్నానానికి ఒక బకెట్‌తో సరిపెట్టుకోండి. సీసాలు ఇంటినుంచి తీసుకెళ్లి నింపుకోండి. ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది, రాత్రి స్వెటర్ కావాలి. రెండూ సర్దు.

టికెట్లు మార్చడానికి డబ్బు పోతుందని మీ అమ్మ అంటోంది. పోతే పోనీ, నేనిస్తాను. ఆదివారంలోగా కొత్త ప్లాను పంపు.

మీ పెద్దమ్మ